సదరు అంకాళమ్మ

కదిరప్ప ఇంట్లో ముసలిది ఒకటుంది. పొద్దున్నే ఒక పట్టాన లేవదు. లేస్తే దగ్గుతుంది, దగ్గితే పొగ కక్కుతుంది. ఎడమ కన్ను పోయి చాలా కాలమైంది. కుడి కన్ను వానాకాలంలో మసకేస్తుంది. మిట్ట ఎక్కాలంటే వెనకాల నలుగురు నిలబడి నెట్టాలి. ఎంత పోసినా తాగేసి, ఇంకా పొయ్యమని మొరాయిస్తుంది.

అది జీపు. కదిరప్ప చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడు వాళ్ళ నాయన ఎక్కడో వేలంలో పాడి తెచ్చాడు. తెచ్చిన రోజే అద్దం పైన 'శ్రీ అంకాళమ్మ తల్లి ప్రసన్నం' అని పెయింటుతో రాయించాడు. ఎండలకు ముందు శ్రీ పోయింది. వానలకు తల్లీ, ప్రసన్నమూ పోయాయి. అంకాళమ్మ మిగిలింది. నల్లగుట్టపల్లెలో దాన్ని జీపు అన్నవాడు లేడు. "అంకాళమ్మ లేసిందా?" అని అడుగుతారు. "అంకాళమ్మ టౌనుకు పోతాండాదా?" అని అడుగుతారు. మన భాషలో ఆడమనిషి వచ్చినా, ఆవు వచ్చినా, జీపు వచ్చినా 'వచ్చింది' అనే అంటాం. మగవాడొక్కడే 'వచ్చాడు' అనిపించుకుని ఆ గొప్పతోనే బతుకుతుంటాడు. ఇన్ని తరాలుగా ఇందువల్ల ఎవరికీ ఏ నష్టమూ కలగలేదు.

నల్లగుట్టపల్లె గుట్ట మీది ఊరు. దారి పేరుకే దారి. టౌను ఆటోవాళ్ళు మొదటి మలుపు దాకా వచ్చి, మలుపును చూసి, దండం పెట్టి వెనక్కి పోతారు. పండిన టమాటా కిందికి దిగాలంటే కదిరప్పకు అంకాళమ్మే దిక్కు. ఆ ఏడాది తోటలో కాయ రంగు తిరుగుతున్న సమయానికి సరిగ్గా అంకాళమ్మ ఊపిరి పోయింది. మెకానిక్కు మస్తాను వచ్చి చూసి, "ఇంజను విప్పల్ల కదిరప్పా. విప్పకపోతే గుట్ట దిగుతాది గానీ మళ్ళీ ఎక్కదు" అన్నాడు.

ఇంట్లో గొడవ మొదలైంది. బాగు చేయించాలా, పారేసి వేరేది తెచ్చుకోవాలా? కదిరప్ప పెళ్ళాం ఓబులమ్మకు చిన్న టెంపో కావాలి. నీలం రంగుది అయితే మరీ మంచిది. కదిరప్పకు అంకాళమ్మే కావాలి. అయితే ఆ మాట వివరించి చెప్పడం ఆయన వల్ల కాదు. నెలకు సరిపడా మాటలు సంచిలో పోసి ఇచ్చినా, సగం మిగిల్చి తిరిగి ఇచ్చేసే మనిషి. తెల్లవారి ఎంతోసేపటికి లేచి, అరుగు మీద కూర్చుని బీడీ ముట్టించి, పొగలోంచి ఒక్క మాట అనేవాడు.

"ఈ సీజనుకు లాగుతాదిలే."

ఈ ఒక్క మాట మీదే ఆయన అంకాళమ్మను ఇన్నేళ్ళు లాక్కొచ్చాడు.

ఆ ఏడాది ప్రభుత్వానికి ముసలివాళ్ళ మీద ప్రేమ పుట్టింది.

అంతకు ముందు ఏడాది మొక్కల మీద పుట్టింది. మొక్కలు ఎండిపోయాయి. ఇప్పుడు పథకం పేరు వయోవందనం. నిర్లక్ష్యానికి గురవుతున్న వృద్ధులను వెతికి పట్టుకుని ఉద్ధరించాలని ఆజ్ఞ. ప్రతి మండలమూ ఇంతమందిని పట్టుకుని తీరాలని లెక్క కూడా ఇచ్చారు. ఈ మండలంలో మాత్రం ఒక్కరూ దొరకలేదు. ఏ ఇంటికి పోయినా, "మా నాయన్ను మేం నిర్లక్ష్యం చేసేదా? ఆయప్ప మమ్మల్ని చేయకుండా ఉంటే చాలు" అని తిప్పి పంపేవాళ్ళు. సర్వే చేసే ఫణీంద్ర అనే కుర్ర ఉద్యోగికి పైనుంచి రెండు మెమోలు వచ్చాయి. చేతిలో ట్యాబు పట్టుకుని, ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుని అతడు నల్లగుట్టపల్లె ఎక్కాడు. కదిరప్ప ఇంటి వాకిట్లోకి అడుగు పెట్టబోతుండగా లోపలినుంచి ఆడగొంతు వినబడింది.

"ఆ ముసలిదాన్ని ఇంకా ఎన్నాళ్ళు మేపుతావయ్యా? దాన్ని అమ్మెయ్యి, లేదంటే నేనే పాత సామాన్లోనికి తోలేస్తా!"

ఫణీంద్రకు ఒళ్ళు జలదరించింది. ఆ వెంటనే సంతోషం కూడా కలిగింది.

"అమ్మా, సర్వే. ఎవరమ్మా ఆ ముసలామె?"

"ఇంకెవురు, అంకాళమ్మ!" అంది ఓబులమ్మ కోపం చల్లారక. పాత బండ్ల లెక్క రాసుకోవడానికి సర్కారువాళ్ళు వస్తారని ఊళ్ళో ఒక పుకారు ఉండనే ఉంది. అందుకే వచ్చాడనుకుంది.

"ఎన్నాళ్ళుగా ఉంటోంది మీ దగ్గర?"

"నేను కాపరానికి రాకముందే మా మామ యాడ్నుంచో తోలుకొచ్చినాడు. దానిమీద ఉండే పావురం, ప్రేమ మా అత్త మీద కూడా ఉండలేదంట."

ఫణీంద్ర ట్యాబులో 'మామగారి రెండవ భార్య' అని నొక్కాడు.

"ఎక్కడ పడుకోబెడతారు?"

"షెడ్డులో. ఇంగేడ పెట్టల్ల?"

"నడవగలదా?"

"నడిస్తే ఈ గొడవెందుకు నాయనా! నలుగురం కలిసి నెట్టల్ల. ఒక్కోసారి కాలితో తన్నితే కదుల్తాది."

"ఒంట్లో ఎలా ఉంది?"

"పొగే పొగ. ఎడమ కన్ను లేదు. కిందంతా కారిపోతాంటాది, రోజూ బూడిద పొయ్యల్ల. మస్తాను కోసి చూస్తానంటాడు. ఆయప్ప ఈయప్పా కలిసి లోపలుండేవన్నీ తీసి గుడ్డ మీద పరుస్తారంట."

ఫణీంద్ర అదీ నొక్కాడు. అరుగు మీద బీడీ కాలుస్తున్న కదిరప్ప వైపు తిరిగాడు. "మీరేం చేయదలుచుకున్నారు, పెద్దాయనా?"

కదిరప్ప చాలాసేపు ఆలోచించి, పొగ వదిలి, "ఈ సీజనుకు లాగుతాదిలే" అన్నాడు.

ఇంత కటికవాళ్ళను ఫణీంద్ర ఎక్కడా చూడలేదు. షెడ్డులోకి తొంగి చూడడానికి ధైర్యం చాలక అక్కడినుంచే వివరాలు పైకి పంపేశాడు.

మూడు రోజులకు తెల్లటి కారు ఒకటి గుట్ట మొదట్లో ఆగింది. అందులోంచి వయోవందనం ప్రత్యేకాధికారి వరాహమూర్తి దిగి, ఫణీంద్రనూ, ఫొటోలు తీసే మనిషినీ వెంటబెట్టుకుని, శాలువా, ఆపిల్ పండ్ల బుట్టా మోయించుకుంటూ, చెమటలు కక్కుకుంటూ గుట్ట ఎక్కాడు. కదిరప్పనూ ఓబులమ్మనూ పక్కకు నిలబెట్టి, మూసివున్న షెడ్డు తలుపు ముందు గొంతు సవరించుకున్నాడు.

"అంకాళమ్మగారూ! భయపడకండి. ప్రభుత్వం వచ్చింది."

లోపలినుంచి జవాబు రాలేదు.

"భయంతో మాట కూడా పడిపోయింది" అని కళ్ళు తుడుచుకుని తలుపు తీయించాడు.

లోపల అంకాళమ్మ నిలబడి ఉంది. బానెట్టు మీద కోడిపెట్ట గుడ్లు పొదుగుతోంది.

వరాహమూర్తి ట్యాబు చూశాడు, జీపును చూశాడు, మళ్ళీ ట్యాబు చూశాడు.

"సార్, ఇది జీపు సార్" అన్నాడు ఫణీంద్ర. అతడి గొంతులో జీవం లేదు.

"అది నీ వ్యక్తిగత అభిప్రాయం. నిర్లక్ష్యానికి గురైన వృద్ధురాలిని తొలిసారిగా గుర్తించిన మండలమని నిన్న జిల్లా సమావేశంలో మనకు ప్రశంసాపత్రం ఇచ్చారు. నేనే అందుకున్నాను. సదరు అంకాళమ్మ గురించి పెద్దలు ప్రసంగించారు. సభలో ఇద్దరు ముగ్గురు ఏడ్చారు కూడా. ఇప్పుడు నువ్వు జీపు అంటే ఆ కన్నీళ్ళకు జవాబుదారు ఎవరు?"

"మరి..."

"పైకి వెళ్ళిన మనిషి కిందికి రాదు. రికార్డులో అంకాళమ్మ ఉంది. షెడ్డులోనూ అంకాళమ్మ ఉంది. తేడా ఎక్కడుంది?"

ఫణీంద్ర ట్యాబులో వెతికాడు. పేరు కింద మనిషి, పశువు అని రెండే గళ్ళు ఉన్నాయి. పశువు కాదన్న సంగతి చూస్తేనే తెలుస్తోంది. ఇక మిగిలింది మనిషే.

కోడిని లేపి, శాలువా బానెట్టు మీద కప్పారు. ఆపిల్ పండ్లు ముందు సీట్లో పెట్టారు. వరాహమూర్తి స్టీరింగు పట్టుకుని, ఆప్యాయంగా వంగి ఫొటో దిగాడు. తర్వాత అక్కడికక్కడే ఉత్తర్వులు చదివాడు.

"సదరు అంకాళమ్మను అమ్మరాదు. అది మనుషుల క్రయవిక్రయం కిందికి వస్తుంది. తుక్కు చేయరాదు. అది ఏ నేరం కిందికి వస్తుందో నా నోటితో చెప్పలేను. అర్హత లేని వ్యక్తుల చేత కోతలు కోయించరాదు. సదరు వృద్ధురాలి చేత చాకిరీ చేయించరాదు. గాలీ వెలుతురూ లేని షెడ్డులో ఉంచరాదు. ఇంటి ముందుభాగంలో గౌరవప్రదమైన చోటు కల్పించవలెను. తదుపరి ఉత్తర్వులు వెలువడేంతవరకు ఇదే అమలులో ఉండును."

"సార్, తోటలో కాయ మాగిపోతాండాది సార్" అంది ఓబులమ్మ. "అంకాళమ్మ లేకుంటే కిందికి యట్ల దించల్ల?"

"చూశారా, ఫణీంద్రగారూ? ఈ వయసులో ఆమె చేత టమాటాలు మోయిస్తున్నారు. రాసుకోండి." ఓబులమ్మ వైపు తిరిగి గొంతు మెత్తన చేశాడు. "చూడమ్మా, అత్తగారంటే తల్లితో సమానం. రేపు మీకూ కోడలు వస్తుంది."

అత్తలేని కోడలు ఉత్తమురాలంటారు. కదిరప్ప తల్లి ఆయన పసితనంలోనే పోయింది కాబట్టి ఓబులమ్మ ఇన్నేళ్ళూ ఆ ఉత్తమత్వాన్ని ఏ అడ్డూ లేకుండా అనుభవించింది. ఈడు మళ్ళిన తర్వాత ప్రభుత్వం ఆమెకు ఉత్తర్వు ద్వారా అత్తను ప్రసాదించింది.

ఊరంతా చేయి వేసి అంకాళమ్మను ఇంటి ముందరి పంచలోకి నెట్టారు. పంచలో మంచాలు పట్టే చోటు పోయింది కాబట్టి కదిరప్ప, ఓబులమ్మ తమ మంచాలను షెడ్డులోకి మార్చుకున్నారు. షెడ్డులో గాలి లేదు, వెలుతురు లేదు. అయితే వాళ్ళిద్దరికీ ఇంకా ఆ వయసు రాలేదు గనుక నిబంధన అడ్డురాలేదు.

"ఏమ్మే ఓబులక్కా, అత్త బాగుండాదా?" అని నీళ్ళకు పోయే ఆడవాళ్ళు వాకిట్లో ఆగి అడిగేవాళ్ళు.

"బాగుండాది. నోరు మెదపదు. మీ అత్తల కంటే మేలే" అనేది ఓబులమ్మ. కానీ వాళ్ళు పోయాక షెడ్డులోకి వచ్చి మొగుడి మీద పడేది. "నాలుగు మాటలు మాట్లాడు! ఆఫీసరు ముందర నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నెట్ల నిలబడితివే. అది జీపు సార్ అని గట్టిగా ఒక్క మాట అనుంటే నీ సొమ్మేం పోయేది?"

"నువ్వు గదా అంతా చెప్పింది" అన్నాడు కదిరప్ప. ఆ రోజుకు అదే ఆయన ప్రసంగం.

తోటలో ఎర్రబడిన కాయ ఎర్రబడినట్టే ఉంది. నెత్తిన బుట్టలతో దించితే ఎన్ని దించగలరు? కిందికి పోయేసరికి సగం నలిగిపోతున్నాయి. మస్తాను పానాల సంచి పట్టుకుని వచ్చాడు. అంకాళమ్మను రోజూ చూసిపోయే బాధ్యత ఫణీంద్ర మీద పడి ఉంది. అతడు చేతులు అడ్డం పెట్టాడు.

"వద్దన్నా. మీకు డాక్టరు చదువు లేదు. మీరు ఇంజను విప్పితే అవయవాలు తీసినట్టు అవుతుంది. మిమ్మల్ని లోపలేస్తారు."

"నేను ముట్టుకున్న బండ్లన్నీ బతికే ఉండాయి గదప్పా!" అన్నాడు మస్తాను.

"అదే అన్నా, అర్హత లేకుండా బతికించడం ఇంకా పెద్ద నేరం."

వారం తిరక్కుండానే వైద్య పరీక్ష అన్నారు. టౌను ఆసుపత్రినుంచి డాక్టరమ్మ వచ్చింది. ఆ ఒక్కరోజే చాలా ఊర్లు తిరగాలట. గుట్ట ఎక్కి వచ్చిన ఆయాసంతో పంచలో అంకాళమ్మ వైపు వీపు పెట్టి కుర్చీలో కూలబడి, ట్యాబులోంచి తల ఎత్తకుండా అడగడం మొదలుపెట్టింది.

"పేషెంటుకు ఏం ఇబ్బంది?"

"పొద్దున్నే లేవదు మేడం" అంది ఓబులమ్మ.

"చలికాలం అంతే. ఇంకా?"

"దగ్గుతాది, పొగ వస్తాది."

"ధూమపానం వెంటనే మాన్పించండి. కీళ్ళు?"

"కిర్రుకిర్రుమంటాయి. కదిలితే ఒళ్ళంతా మోగుతాది."

"కూర్చోబెట్టి ఉంచితే అంతే అవుతుంది. అదే మీరు చేసే తప్పు. రోజూ నడిపించాలి. పొద్దున్నే, చల్లపూట. కీళ్ళన్నిటికీ నూనె పెట్టి బాగా మర్దన చేయించండి. బలమైనది పట్టించండి. మనసుకు ఉల్లాసంగా ఉండేలా నలుగురు తిరిగే చోటికి తీసుకెళ్ళండి."

అరుగు మీద కదిరప్ప బీడీ నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు.

"ఎంత దూరం నడిపించల్ల మేడం?"

ఆయన తనంతట తాను ప్రశ్న వేయడం ఓబులమ్మ ఆ ఇంటికి వచ్చిన తర్వాత బహుశా అదే మొదలు.

"ఎంత వీలైతే అంత" అని డాక్టరమ్మ చీటీ చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండానే గుట్ట దిగిపోయింది.

ఆ చీటీ కదిరప్ప తలపాగాలోకి పోయింది. అయితే ఓబులమ్మ ఓపిక అప్పటికే అయిపోయింది. ఈసారి మొగుణ్ణి నెట్టుకుంటూ టౌను ఆఫీసుకు తీసుకుపోయింది. నెట్టుకుంటూ అంటే వీపు మీద చెయ్యి పెట్టి నిజంగానే నెట్టుకుంటూ.

"సార్, అంకాళమ్మ మనిషి కాదు సార్" అంది వరాహమూర్తి బల్ల ముందు నిలబడి.

"అత్తగారిని మనిషి కాదంటున్నారు. కోడళ్ళందరూ అనే మాటే."

"దానికి చక్రాలుండాయి సార్!"

"చక్రాల కుర్చీలో తిరిగేవాళ్ళు మనుషులు కారా? అసలు ఆ విభాగం కింద కూడా సదరు అంకాళమ్మకు అర్హత ఉంది, రాసుకోండి ఫణీంద్రగారూ."

"అది డీజిలు తాగుతాది సార్!"

"ఎవరు ఏం తాగుతారో అది వారి వ్యక్తిగత విషయం. అందులో ప్రభుత్వం జోక్యం చేసుకోదు." వరాహమూర్తి వెనక్కి వాలాడు. "మీ అభ్యంతరాన్ని నేను తోసిపుచ్చడం లేదు. దేనికైనా పద్ధతి ఉంది. తాను మనిషిని కానని సదరు అంకాళమ్మ స్వయంగా హాజరై, ఈ యంత్రం మీద వేలిముద్ర వేసి ధ్రువీకరించాలి. ఆమె తరఫున ఇతరులు చెప్పడం చెల్లదు."

మరునాడు అంకాళమ్మ స్వయంగా హాజరైంది. గుట్ట దిగుడు కాబట్టి తనంతట తానే దిగింది. అక్కడినుంచి ఎద్దులు లాక్కొచ్చాయి. ఆఫీసు మెట్ల దగ్గర జనం పోగయ్యారు. ఫణీంద్ర వేలిముద్రల యంత్రం పట్టుకొచ్చి ముందు టైరుకు ఆనించాడు. యంత్రం ఎర్రగా వెలిగింది.

"పడటం లేదు సార్. ముద్రలు అరిగిపోయాయి."

"కష్టజీవులకు అరిగిపోతాయి, సహజమే" అన్నాడు వరాహమూర్తి. "కన్ను తీసుకోండి."

కంటి యంత్రం తెచ్చారు. ఎడమది ఎటూ లేదు. మస్తాను బ్యాటరీ తీగ కలిపాడు. కుడి దీపం మినుకుమని వెలిగింది. ఫణీంద్ర యంత్రాన్ని దాని ముందు పెట్టాడు. యంత్రం కాసేపు గిరగిర తిరిగి, ఆలోచించి, ఆకుపచ్చగా వెలిగింది. లోపలినుంచి ఆడగొంతు తీయగా పలికింది: 'ధన్యవాదాలు. మీరు సజీవంగా ఉన్నారని నిర్ధారించబడినది.'

అదే సమయంలో తీగలెక్కడో కలిసి హారన్ బిగుసుకుపోయి మోగడం మొదలైంది. ఆపినా ఆగలేదు. వరాహమూర్తి చెవులు మూసుకుని, రాసుకోమని సైగ చేశాడు.

"సదరు అంకాళమ్మ సుదీర్ఘమైన వాంగ్మూలం ఇచ్చినది. ఎక్కడా తాను మనిషిని కానని చెప్పలేదు."

చివరికి మస్తాను తీగ పీకేశాడు. ఓబులమ్మ మెట్ల మీద కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు అంకాళమ్మ కోసం కాదు. తోటలో ఎర్రగా మాగి, ఇంకో నాలుగు రోజులకు చీమలపాలయ్యే కాయ కోసం.

వరాహమూర్తికి జాలి కలిగింది. అధికారికి జాలి కలిగితే గొంతు తగ్గిస్తాడు. "చూడమ్మా, ఒకవేళ నేను ఇది బండి అనే ఒప్పుకుంటాననుకో. వయసెంత? దానికి ఫిట్‌నెస్ ఉందా? బండి అని తేలిన మరుక్షణం పక్క గదివాళ్ళు వచ్చి తుక్కుకు తోలుకుపోతారు. వాళ్ళకూ లెక్క ఉంది, పాత బండ్లు ఇన్ని పట్టుకోవాలని. మనిషైతే నా గది. బండైతే వాళ్ళ గది. నా గదిలో ఉంటే బతికి ఉంటుంది."

పక్క గది తలుపు సందులోంచి ఎవరో అప్పటికే అంకాళమ్మను ఆకలిగా చూస్తున్నారు.

కదిరప్ప అటు చూశాడు. ఇటు చూశాడు. బానెట్టు మీది శాలువాకు పైన, అద్దం మీద దుమ్ము కొట్టుకున్న అక్షరాలు చూశాడు. చిన్నప్పుడు నాయన స్టీరింగు ముందు కూర్చుంటే, ఆయన తొడల మధ్య నిలబడి ఆ అక్షరాలను లోపలివైపునుంచి తిరగేసి చదివినవాడు. తలపాగాలోంచి చీటీ తీసి, జీవితంలో ఎన్నడూ లేనంత పొడుగ్గా మాట్లాడాడు.

"సార్. పొరపాటు మాదే సార్. ఇన్నేండ్లూ మా పెద్దామెను పట్టుకుని జీపనుకున్నాం. ఇప్పుడు కండ్లు తెరుచుకున్నాయి. డాక్టరమ్మ చెప్పినట్టే నూనె మర్దన చేయిస్తాం. మస్తానును ఇంటిమనిషిగా పెట్టుకుని సేవ చేయిస్తాం. రోజూ పొద్దున్నే నడిపిస్తాం. నలుగురు తిరిగే చోటికి తీసకపోతాం."

వరాహమూర్తి కళ్ళు చెమర్చాయి. "ఫణీంద్రగారూ, రాసుకోండి. కుటుంబ బంధాలు పునరుద్ధరించబడినవి."

దానికి కూడా ఆయనకు ప్రశంసాపత్రం వచ్చింది.

ఎద్దులను కట్టి, ఊరంతా వెనకనుంచి నెట్టి అంకాళమ్మను మళ్ళీ పంచలోకి ఎక్కించారు. మస్తాను అక్కడే ఉండి మర్దన చేశాడు. బాగా లోపలిదాకా చేశాడు. పిస్టన్లు తీసి గుడ్డ మీద పరిచి, ఒక్కొక్కదానికీ నూనె పెట్టి, తెల్లారి మళ్ళీ సర్దాడు. ఫణీంద్ర రోజూ వచ్చి, 'మర్దన జరుగుచున్నది' అని నొక్కి పోయాడు. ఓబులమ్మ సణుగుతూనే పానాలు అందించింది. "మా పుట్టింట్లో గూడా ఎవురికీ ఇంత చాకిరీ చెయ్యలేదు, అత్తా" అని బానెట్టుతో అంది కూడా. మొదట ఎగతాళికే అంది. తర్వాత అలవాటైపోయింది.

నాలుగో రోజు తెల్లవారుజామున అంకాళమ్మ ఒక్క దగ్గు దగ్గి లేచింది. టమాటా పెట్టెలతో గుట్ట దిగింది. టౌను పొలిమేర చెక్‌పోస్టులో ఇన్‌స్పెక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"బండి కాగితాలు."

"బండి కాదు సార్. మా పెద్దామె" అని కదిరప్ప వయోవందనం కార్డు ఇచ్చాడు. కార్డు మీద శాలువా కప్పుకున్న అంకాళమ్మ ఫొటో ఉంది. కింద వరాహమూర్తి సంతకం, ముద్ర ఉన్నాయి.

ఇన్‌స్పెక్టరు ఫొటో చూశాడు, జీపు చూశాడు. పోలికలు సరిపోయాయి. సంతకం నిజమైనదే.

"మరి ఈ పెట్టెలేంది?"

"ఊరికి పోతాండాది సార్. ఒట్టిచేతుల్తో పోతాదా?" అంది పక్కసీటులోంచి ఓబులమ్మ.

"నువ్వెక్కడ కూర్చున్నావు మరి?" అని ఇన్‌స్పెక్టరు కదిరప్పను అడిగాడు.

"ఆమె ఒళ్ళో సార్" అన్నాడు కదిరప్ప. "చిన్నప్పట్నుంచీ అలవాటు."

ఇన్‌స్పెక్టరు ఆలోచించాడు. ఆలోచించే కొద్దీ అతనికి భయం వేసింది. వృద్ధులను రోడ్డు మీద నిలబెట్టరాదని తన గోడ మీదే బోర్డు ఉంది. కార్డు తిరిగి ఇచ్చి, గేటు ఎత్తి, అంకాళమ్మకు నమస్కారం పెట్టాడు.

ఆ సీజనులో మిగిలిన టమాటా అంతా అట్లాగే దిగింది. వచ్చిన డబ్బుతో ఓబులమ్మ నీలం టెంపో మాట ఎత్తలేదు. పంచకు రేకుల కప్పు వేయించింది, అత్త ఎండకు మాడిపోతోందని.

మరుసటి ఏడాది ప్రభుత్వానికి ప్రేమ మారింది. ఈసారి పాత వాహనాల మీద పుట్టింది. వరాహమూర్తి అప్పటికి జిల్లాకు పెద్ద అధికారి అయ్యాడు. కిందటిసారి పొరపాటు మళ్ళీ జరగరాదని ఆయనే కూర్చుని వాహనం అంటే ఏమిటో సర్క్యులర్ రాశాడు. పొద్దున్నే ఒక పట్టాన లేవనిదీ, పొగ వదిలేదీ, వెనకనుంచి నెడితేగాని కదలనిదీ, పదిహేనేళ్ళకు పైబడి ఒకే ఇంట పడివున్నదీ ఏదైనా సరే, వాహనమే. చక్రాల మాట ఎత్తలేదు. చక్రాలవల్ల కిందటిసారి ఎంత గందరగోళం అయిందో ఆయనకు గుర్తుంది.

ఫణీంద్ర కొత్త ట్యాబుతో గుట్ట ఎక్కాడు. పంచలో అంకాళమ్మకు నమస్కారం చేసి, "పెద్దమ్మ సంగతి అయిపోయిందిలే, ఆమె మనుషుల్లో ఉంది" అని పక్కకు జరిగాడు. అరుగు మీద కదిరప్ప అప్పుడే లేచి కూర్చుని బీడీ ముట్టిస్తున్నాడు. ఎండ అప్పటికి నడినెత్తికి వచ్చేసింది.

ఫణీంద్ర సర్క్యులర్ చూశాడు. అరుగు చూశాడు.

"అక్కా, ఇది... పొద్దున్నే లేస్తుందా?"

ఓబులమ్మ రాగులు చెరుగుతోంది. ఫణీంద్ర చూపు ఎటు ఉందో ఒకసారి చూసింది. చేట ఆపింది.

"యాడ లేస్తాది నాయనా."

"పొగ?"

"చూస్తాండావు గదా."

"నెట్టాలా?"

"నేనే నెట్టల్ల. ఆఫీసుకు నెట్టినప్పుడు నువ్వూ చూసుంటివే."

"ఎన్నేళ్ళుగా ఉంది మీ దగ్గర?"

"నేను వచ్చినప్పట్నుంచీ ఇట్లనే పడుండాది."

కదిరప్ప నోరు తెరిచాడు. చెప్పవలసిన మాట ఎక్కడో లోపల ఉంది గానీ, అది గుట్ట ఎక్కి బయటికి వచ్చేలోగా ఫణీంద్ర టకటకా నొక్కుకుంటూ పోయాడు. చివరికి ఆగి తల ఎత్తాడు.

"ఒక్కటే మిగిలింది అక్కా. బాగు చేయించుకుంటారా, తీసేసి వేరేది తెచ్చుకుంటారా? ఏదో ఒకటి చెప్పకపోతే ఇది ముందుకు పోదు."

ఓబులమ్మ లేచింది. కొంగు దులుపుకుని అరుగు దగ్గరికి వచ్చింది. సంతలో పాత బండి చుట్టూ తిరిగినట్టు కదిరప్ప చుట్టూ ఒకసారి తిరిగి, పైనుంచి కిందిదాకా చూసింది. ఎందుకైనా మంచిదని కదిరప్ప బీడీ ఆర్పేసి, నిటారుగా కూర్చుని, దగ్గు ఆపుకున్నాడు.

ఆమె చాలాసేపు ఆలోచించింది.

"ఉండనీలే నాయనా" అంది చివరికి. "ఈ సీజనుకు లాగుతాదిలే."